తీపి ఏరు, ఆకలి ఇళ్ళు

ఇక్షుపురి రాజ్యంలో ఎటు చూసినా చెరకు తోటలే. ఊరి పొలిమేరలో అడుగు పెడితే చాలు, బెల్లం వండే పొయ్యిల కమ్మని వాసన వచ్చి ముక్కుకు తగిలేది. అక్కడి నేల మంచిది, నీళ్ళు మంచివి, మనుషులూ మంచివాళ్ళే. అంత మంచివాళ్ళతో వేగడం ఎంత కష్టమో ఈ కథ పూర్తయ్యేసరికి మీకే తెలిసొస్తుంది.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. ఎవరు ఎవరింటికి వెళ్ళినా బెల్లం గడ్డ పట్టుకుని వెళ్ళాలి. గుమ్మం దాటగానే ఇంటివాళ్ళ నోట్లో ఒక ముక్క పెట్టాలి. వద్దంటే వచ్చినవాళ్ళను అవమానించినట్టే. పెళ్ళింటికి వెళ్ళినా అంతే, చావింటికి వెళ్ళినా అంతే. జ్వరంతో మూలుగుతున్నవాడి పళ్ళ మధ్య కూడా బెల్లం దూర్చి, మర్యాద దక్కిందని మురిసిపోతూ ఇంటికి వెళ్ళేవారు.

ఆ రాజ్యానికి కాబోయే రాజు జయకేతు. అప్పుడే నూనూగు మీసాలు వస్తున్న కుర్రవాడు. తండ్రి పోయాక తల్లి మందారవతీదేవి అతని పేరు మీద రాజ్యం చూసుకుంటూ ఉంది. అతనికి వకుళ అని ఒక అక్క. ఇవాళో రేపో పట్టాభిషేకానికి ముహూర్తం పెట్టిద్దామని అనుకుంటూ ఉండగా జయకేతుకు అంతుపట్టని జబ్బు ఒకటి పట్టుకుంది.

ఉన్నట్టుండి తీరని దాహం. కూజా ఎత్తి గటగటా తాగేవాడు, దించీ దించగానే మళ్ళీ కూజా అడిగేవాడు. తాగిన నీళ్ళన్నీ తాగినట్టే పోయేవి. పెరట్లోకి తిరగడంతోనే అతని పొద్దంతా గడిచిపోయేది. ఇద్దరి తిండి ఒక్కడే తినేవాడు, అయినా పక్కటెముకలు బయటపడ్డాయి. అతను పెరట్లోకి వెళ్ళి వచ్చిన చోటల్లా చీమలు బారులు తీరేవి. ఆస్థాన జ్యోతిష్కుడు ఆ చీమల బారు చూసి, రాజ్యానికి మహా ధనయోగం పట్టబోతోందని చెప్పి, శాలువా కప్పించుకుని వెళ్ళాడు.

"బిడ్డ చిక్కిపోయాడు, పెట్టండి, ఇంకా పెట్టండి," అని మందారవతీదేవి వంటవాళ్ళను తొందరపెట్టేది. అరిసెలు, సున్నుండలు, కొబ్బరి లౌజు, పాకం గారెలు వచ్చేవి. కాబోయే రాజుకు ఒంట్లో బాగా లేదని తెలిసి ఊరు ఊరంతా పరామర్శకు బయలుదేరింది. ఉత్త చేతులతో ఎలా వస్తారు? కోట గుమ్మం నుంచి రాచవీధి చివరిదాకా జనం, ప్రతి చేతిలోనూ ఒక బెల్లం గడ్డ.

వకుళ అందరినీ ఆపాలని చూసి అలిసిపోయింది. "అమ్మా, తిన్నకొద్దీ చిక్కుతున్నాడు. తిన్నది ఒంటికి అంటడం లేదు. అదెక్కడికి పోతోందో తెలుసుకోకుండా ఇంకా ఇంకా పెడితే ఏం లాభం?"

"తినకపోతే ఇంకా చిక్కిపోతాడు కదే!" అంది తల్లి.

"తింటుంటేనే చిక్కుతున్నాడమ్మా!"

"అదేనే నేను చెప్పేది, సరిపోవడం లేదు వాడికి. ఏమర్రా, ఆ పాకం గారెలు ఇలా పట్రండి!"

వకుళకు ఒళ్ళు మండిపోయింది. గోడకు చెప్పుకున్నా ఇంతకంటే నయం అనుకుంది. తమ్ముడి వంక చూస్తే, వాడు దిండుకు ఆనుకుని, పెట్టినదల్లా నోరు తెరిచి తింటున్నాడు. కాదనే ఓపిక కూడా వాడికి లేదు. ఇక్కడే ఉంటే తమ్ముడు తన కళ్ళముందే ఆరిపోతాడని ఆమెకు భయం పట్టుకుంది. ఉత్తరపు కొండల మీద చిటపట ముని ఉన్నాడు, శరీరంలోని సంగతులు ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియవని విని ఉంది. నడుముకు కత్తి బిగించుకుని బయలుదేరింది.

అడవి దాటగానే కొండ దారి మొదలైంది. ఆ దారికి అడ్డంగా లంబోష్ఠుడు అనే రాక్షసుడు పడుకుని ఉన్నాడు. పేరుకు తగ్గట్టే వాడి కింది పెదవి గడ్డం మీద వేలాడుతూ ఉంటుంది. వకుళ వాడిని చప్పుడు కాకుండా దాటబోయింది. వాడు ఒక కన్ను తెరిచాడు.

"ఆగు పిల్లా. నిన్ను తినాలి."

"నాకు తీరిక లేదు," అని వకుళ పరుగు అందుకుంది.

వాడు తరుముకొచ్చాడు. ఆమె కొండ మీదికి ఉరికింది, వెనక వాడు కాళ్ళు దభదభా వేసుకుంటూ వచ్చాడు. రొప్పుతూ రొప్పుతూ సగం కొండ ఎక్కేసరికి వకుళ పిక్కలు మండిపోయాయి. కాళ్ళు ఇక నావల్ల కాదన్నాయి. దబ్బున ఒక రాయి మీద కూలబడి, అయిపోయింది నా పని అనుకుంటూ వెనక్కి చూసింది. కాస్త కింద లంబోష్ఠుడు కూడా తొడలు పట్టుకుని కూలబడి ఉన్నాడు.

"ఉండు... ఊపిరి... పీల్చుకోనీ. అప్పుడు తింటా," అన్నాడు వాడు.

"నేనూ అదే పనిలో ఉన్నా," అంది వకుళ.

ఇద్దరూ ఒకరినొకరు కొరకొరా చూసుకుంటూ చాలాసేపు రొప్పుతూ కూర్చున్నారు. చివరికి ముందుగా లేచింది వకుళే. వాడు లేవబోయి, మళ్ళీ కూర్చుని, "ఛీ, వెధవ కాళ్ళు. పో, రేపు ఎవరైనా నెమ్మదిగా నడిచేవాళ్ళు వస్తారులే," అని చెయ్యి ఊపేశాడు.

కొండ మీద చిటపట ముని పొయ్యి మీద జొన్న సంకటి కెలుకుతూ ఉన్నాడు. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ఎవరు ఏమడిగినా ముందు కసిరి తర్వాత చెప్పడం ఆయన అలవాటు కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది.

"ఎవరక్కడ? బెల్లం తెచ్చావా? తెస్తే అక్కడి నుంచే వెళ్ళిపో. మీ ఊరివాళ్ళ బెల్లంతో నా పళ్ళన్నీ పోయాయి."

"తేలేదు స్వామీ," అంది వకుళ. తమ్ముడి దాహం, ఆకలి, చిక్కిపోవడం, ఆఖరికి ఆ చీమల బారు కూడా పూస గుచ్చినట్టు చెప్పింది.

చీమల మాట వినగానే ముని గరిటె ఆపాడు. "తీపి ఒంట్లోనే ఉంది, ఇళ్ళకు చేరడం లేదన్నమాట. ఎందుకు చేరడం లేదో నేను చెబితే మీవాళ్ళు నమ్ముతారా? నమ్మరు. వెళ్ళి నీ కళ్ళతో చూసి రా. పరకాయ ప్రవేశం చేయిస్తాను."

"అది చచ్చినవాళ్ళ శరీరంలోకి చేసేది కదా!" అంది వకుళ.

"చచ్చినవాడి ఒంట్లో చూడటానికి ఏముంటుంది, చీకటి తప్ప? బతికినవాడి ఒంట్లోనే ఉంది తమాషా. ఒక తల్లి బిడ్డలు కాబట్టి నీకు దారి తేలిక. కళ్ళు మూసుకుని తమ్ముణ్ణి తలుచుకో. త్వరగా రా, నా సంకటి చల్లారిపోతుంది."

వకుళ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఆమె నలుసుకంటే చిన్నదై, ఒక ఎర్రని పడవలో కూర్చుని ఉంది. చుట్టూ ఏరు, అదీ ఎర్రనిదే. పడవ నిండా గాలి మూటలు. పడవవాడు తెడ్డు వేయలేక ఆపసోపాలు పడుతున్నాడు.

"ఏం చెప్పను తల్లీ, ఏరంతా పానకం అయిపోయింది," అన్నాడు వాడు. "తెడ్డు వేస్తే అంటుకుపోతోంది."

వకుళ వంగి చూసింది. నీళ్ళలో చక్కెర పలుకులు కుప్పలు కుప్పలుగా కొట్టుకుపోతున్నాయి. ఏటికి రెండు గట్ల మీదా లెక్కలేనన్ని ఇళ్ళు. చక్కెర పలుకులు ప్రతి ఇంటి తలుపుకూ కొట్టుకుని, తెరుచుకోక, మళ్ళీ ఏట్లోకి జారిపోతున్నాయి. పిల్లలూ, మీ సైన్సు పుస్తకంలో ఆ ఇళ్ళకు కణాలని, ఆ చక్కెరకు గ్లూకోజ్ అని పేర్లున్నాయి. పరీక్షకు ఆ పేర్లే రాయండి, నా మాట రాసి నా మీదికి తేకండి.

పడవవాడు ఒక ఇంటి ముందు గాలి మూట దించాడు. గాలి వెళ్ళే కిటికీ తెరిచే ఉంది. వకుళ ఆ కిటికీలో నుంచి లోపలికి దూరింది. లోపల ఒక ఇంటావిడ, పొగలో దగ్గుతూ, పొయ్యిలో నెయ్యి కుండ వంచుతూ ఉంది. ఆ పొగ మగ్గి పులిసిన పళ్ళ వాసన వేస్తోంది. మూల ఒక పెద్ద తిరగలి ఈసురోమంటూ తిరుగుతోంది.

"ఇది ఎవరి ఇల్లమ్మా?" అని అడిగింది వకుళ.

"పిక్కలో ఇల్లు. మీ తమ్ముడు పరుగెత్తాలంటే మేము తిరగలి తిప్పాలి. చక్కెర పలుకు లోపలికి వస్తే గుమ్మం దగ్గరే రెండు ముక్కలుగా విరుస్తాం. అప్పుడే కాస్త వెలుగు వస్తుంది. ఆ ముక్కల్ని తిరగల్లో వేసి, పడవలు తెచ్చే గాలి తగిలిస్తే, ఇక చూడాలి, ఇల్లంతా పట్టపగలే. చివరికి నీళ్ళూ వాడేసిన గాలీ మిగులుతాయి, అంతే."

"గాలి చాలకపోతే?"

"అప్పుడు గుమ్మం దగ్గరి కాస్త వెలుగే దిక్కు. విరిచిన ముక్కలు తిరగల్లోకి వెళ్ళక పులిసిపోతాయి, పిక్క భగ్గుమంటుంది. ఎప్పుడైనా కొండ మీదికి పరుగెత్తావా?"

"ఇందాకే," అంది వకుళ, పిక్కలు తడుముకుంటూ. "మరి గుమ్మం ముందే ఇంత చక్కెర ఉంటే నెయ్యి ఎందుకు కాలుస్తున్నారు?"

ఇంటావిడ గరిటె నేలకేసి కొట్టింది. "తలుపు తెరుచుకుంటే కదమ్మా! దానికి తాళం లోపల లేదు. తాళంచెవుల వాళ్ళు వచ్చి తిప్పితేనే తెరుచుకుంటుంది. వాళ్ళు రాక ఎన్నాళ్ళైందో! ఎదురుగా ఏరు నిండా తిండి, ఇంట్లో ఆకలి. నెయ్యి కాల్చేశాం, ఇక దూలాలు కాల్చుకోవడమే. ఈ పొగంతా ఏట్లో కలిసి ఏరు పులిసిపోతోంది. ఇలాగే ఉంటే పిల్లవాడు ఎన్నాళ్ళో ఉండడు."

తాళంచెవుల వాళ్ళు ఎక్కడ ఉంటారని వకుళ అడిగితే, కడుపు వెనక పొడవాటి తోట ఒకటుందని, అందులోని చిన్న చిన్న దీవులే వాళ్ళ ఊళ్ళని ఇంటావిడ చెప్పింది. వకుళ పరుగున పడవ ఎక్కింది.

దీవిలో ఇళ్ళన్నీ కూలిపోయి ఉన్నాయి. కూలిన గోడల మీద సైనికులు ఈటెలు పట్టుకుని గర్వంగా నిలబడి ఉన్నారు. వాళ్ళు పరాయి సైనికులు కారు, జయకేతు ఒంటిని కాపాడే సొంత సైనికులే. వాళ్ళ దళపతి మీసం దువ్వుకుంటూ ఎదురొచ్చాడు.

"ఇక్కడ తాళంచెవుల వాళ్ళు ఉండాలి, ఏరీ?" అని అడిగింది వకుళ.

"దొంగలు, తల్లీ, దొంగలు! ఒక్కణ్ణి వదలలేదు," అన్నాడు దళపతి. "ఊళ్ళో ప్రతి ఇంటి తాళంచెవీ వాళ్ళ దగ్గర ఉంది. దొంగ కాకపోతే ఊరందరి తాళంచెవులు ఎవడి దగ్గరైనా ఉంటాయా? నువ్వే చెప్పు!"

వకుళ కస్సుమంది. "ఆ ఇళ్ళు తెరవడమే వాళ్ళ పని కదయ్యా! ఒక్కరినైనా అడగొచ్చు కదా ముందు?"

"దొంగను అడిగితే దొంగనని చెబుతాడా?" అని దళపతి తెలివిగా నవ్వాడు.

తల గోడకేసి కొట్టుకుందామంటే అక్కడ నిలిచిన గోడ కూడా లేదు. అంతలో దీవి మూల నుంచి కొమ్ము ఊదిన చప్పుడు వినిపించింది. ఒక ముసలివాడు కొమ్ము పట్టుకుని "ఆకలి! ఆకలి! గాదె తెరవండి!" అని ఊదుతున్నాడు. తాళంచెవుల వాళ్ళు బతికి ఉన్నప్పుడు, ఏట్లో తీపి పెరిగితే వాళ్ళు బయలుదేరేవారు, తగ్గితే ఈయన కొమ్ము ఊదేవాడు. వాళ్ళను చూస్తే ఊదడం ఆపేవాడు. ఇప్పుడు ఆపమనేవాళ్ళు లేక ఊదుతూనే ఉన్నాడు.

ఆ కొమ్ము విని కుడి పక్క, పక్కటెముకల కింద ఉన్న పెద్ద గాదె తలుపులు తెరుచుకున్నాయి. వకుళ అక్కడికి చేరేసరికి గాదెమ్మ అనే లావుపాటి ఆవిడ చేటలతో చక్కెర ఏట్లోకి గుమ్మరిస్తూ ఉంది.

"ఆపమ్మా! ఏట్లో ఇప్పటికే మునిగిపోయేంత ఉంది!" అని అరిచింది వకుళ.

"ఇళ్ళల్లో ఆకలని కొమ్ము ఊదుతుంటే ఎలా ఆపేది?" గాదెమ్మ కళ్ళు తుడుచుకుంది. "పాపం, సరిపోవడం లేదేమో వాళ్ళకి. ఇదిగో, ఇంకో చేట."

వకుళకు అమ్మ గుర్తొచ్చింది. అమ్మ కూడా ఇలాగే అంటుంది. ఇదే గొంతు, ఇవే కన్నీళ్ళు, ఇదే మొండితనం. లోపలా అదే గొడవ, బయటా అదే గొడవ. ఎంత ప్రేమ ఉన్నా తలుపు వైపు చూసే తీరిక మాత్రం ఒక్కరికీ లేదు.

"నీ చేత ఇది మాన్పించాలంటే ఏం చేయాలి?" అని అడిగింది.

"తాళంచెవుల వాళ్ళు వచ్చి, తలుపులు తెరిచాం, ఇక చాలు అంటే ఆపేస్తాను. వాళ్ళు చెబితేనే. నీ మాట నేను వినను."

వెనక్కి వస్తూ వకుళ దళపతిని మళ్ళీ నిలదీసింది. "బయటి నుంచి ఎవరైనా తాళంచెవులు తెస్తే వాళ్ళనూ చంపుతావా?"

"నా కాపలా దీవికే. ఏటి మీద పోయేవాళ్ళతో నాకేం పని?" అన్నాడు దళపతి. అంతవరకు వాడికి మహా ఖచ్చితం.

వకుళ అక్కడే కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి మళ్ళీ కొండ మీద ఉంది, ముని సంకటి తింటున్నాడు. వకుళ చూసినదంతా చెప్పింది. ముని చెయ్యి కడుక్కుని, "పోయిన దీవి మళ్ళీ లేవదు. ఇంకొక ప్రాణి ఒంట్లోని తాళంచెవులు తేవాలి. మనిషి ఇంటి తలుపుకు సరిగ్గా పట్టేవి భూదారుడి దగ్గర ఉన్నాయి. నీలిలోయలో ఉండే మాయ పంది. మీ ఊరివాళ్ళంటే దానికి అసహ్యం, ముందే చెబుతున్నాను," అన్నాడు.

భూదారుడు ఏనుగు గున్నంత ఉన్నాడు. బురదలో పడుకుని, వకుళను చూడగానే కోరలు ఎత్తాడు. "ఇక్షుపురి పిల్లవా? బెల్లం అక్కడ పారేసి, దేనికొచ్చావో చెప్పు."

"బెల్లం తేలేదు వరాహరాజా. నా తమ్ముడు చచ్చిపోతున్నాడు. మీ దగ్గర తాళంచెవులు ఉన్నాయట."

"ఉన్నాయి. నా కోర మొదట్లో ఊరే రసంలో ఉన్నాయి. ఎందుకివ్వాలి? నా పిల్లలు ఆకలేసి నాలుగు చెరకు గడలు కొరికారని మీ వేటగాళ్ళు ఈటెలతో పొడిచి చంపారు. దేశం నిండా చెరకు పెట్టుకుని, నాలుగు గడలకు ప్రాణాలు తీస్తారా?"

వేట నుంచి తిరిగొచ్చినవాళ్ళకు తను హారతులు ఇచ్చిన రోజులు గుర్తొచ్చి వకుళకు సిగ్గేసింది. "మీ పిల్లల్ని నేను తిరిగి తేలేను," అంది చివరికి. "పొలాల అంచున ఉన్న తోటలు మీకు వదిలేస్తాం. పంది మీద ఈటె ఎత్తినవాణ్ణి రాజ్యంలో ఉండనివ్వను. నా తమ్ముడు బతికితే వాడూ ఇదే మాట మీద ఉంటాడు. బతక్కపోయినా ఈ మాట తప్పను."

భూదారుడు ఆమె ముఖంలోకి తేరిపార చూశాడు. "బతక్కపోయినా అన్నావు చూడు, అందుకు ఇస్తున్నాను," అని కోర ఆమె ముందుకు చాచాడు. వకుళ ఆ రసాన్ని వెదురు గొట్టంలోకి పట్టుకుంది. "తాగిస్తే కడుపు దాన్ని జీర్ణం చేసేసుకుంటుంది, ఏటికి చేరదు. ముళ్ళపంది ముల్లు ముంచి చర్మం కింద గుచ్చు. భోజనానికి ముందు ఒక్క చుక్క. రోజూ."

"రోజూనా? ఎన్నాళ్ళు?"

"బతికినన్నాళ్ళూ."

"ఒక్కసారితో జబ్బు తీరిపోయే మందేదీ లేదా? కథల్లో అలాగే తీరిపోతుంది కదా!"

"కథలు నన్ను అడిగి రాశారా?" అని భూదారుడు బురదలోకి తిరిగి పడుకున్నాడు.

వకుళ కోటకు చేరేసరికి జయకేతు స్పృహలో లేడు. లోతుగా, కొలిమి తిత్తిలా ఊపిరి తీస్తున్నాడు. ఆ ఊపిరిలో పులిసిన పళ్ళ వాసన. తల్లి అతని తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూ, గిన్నెతో పానకం పోయబోతూ ఉంది. మంచం చుట్టూ బెల్లం గడ్డలతో బంధువులు.

వకుళ గిన్నె లాగి కిటికీలోంచి విసిరేసింది. "అందరూ బయటికి నడవండి! మర్యాద లేదనుకోండి, మంట కలిసిందనుకోండి, నడవండి!"

"నీకేమైనా పిచ్చి పట్టిందటే?" అని తల్లి గొల్లుమంది.

"పట్టిందమ్మా. వాడి ఏరు నిండా పానకమే ఉంది, ఇళ్ళే మూసుకుపోయాయి. తలుపు తెరిచేది నేను తెచ్చాను. నువ్వు వాడికి నీళ్ళు పట్టు, ఉత్త నీళ్ళు."

ముల్లు ముంచి తమ్ముడి తొడలో గుచ్చింది. ఇద్దరూ అతని పక్కనే కూర్చున్నారు. ఊపిరి నెమ్మదించింది. మళ్ళీ గుచ్చింది, మళ్ళీ నీళ్ళు పట్టారు. పొద్దు వాలేసరికి ఆ పులిసిన వాసన తగ్గింది. మర్నాటికి జయకేతు కళ్ళు తెరిచి, "అక్కా, కాళ్ళల్లో ఏదో పాకుతోంది," అన్నాడు. పిక్కలో తిరగలి తిరుగుతోందని వకుళకు అర్థమైంది. తల్లిని కౌగిలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కాని అది ఇక్షుపురి కదా! కొన్నాళ్ళకు వకుళ స్నానానికి వెళ్ళిన సమయంలో మందారవతీదేవి ఒక ఆలోచన చేసింది. ఒక్క చుక్కకే బిడ్డ ఇంత కోలుకుంటే, గొట్టంలో సగం గుచ్చితే రెట్టింపు కోలుకోడూ? అనుకున్నదే తడవు గుచ్చేసింది. పైగా ఇప్పుడు ఆవిడకు తీపంటే హడలు. బెల్లమంతా కొట్లో పెట్టి తాళం వేయించింది. ఎందుకైనా మంచిదని అన్నం కూడా పెట్టలేదు.

వకుళ వచ్చేసరికి జయకేతు చెమటతో తడిసి ముద్దై, గజగజ వణుకుతూ, తల్లిని ఎవరు నువ్వని అడుగుతున్నాడు. వకుళకు ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది. ఊరందరి తలుపులూ బార్లా తెరుచుకున్నాయి, ఏట్లో మాత్రం చక్కెర పలుకు లేదు. కొమ్ము ముసలివాడు ఎంత ఊదినా, ఇన్ని తాళంచెవులు తిరుగుతుంటే గాదెమ్మ తలుపు తీయదు.

"బెల్లం! బెల్లం తెండి, త్వరగా!"

తల్లి కొట్టు తలుపుకు అడ్డంగా నిలబడింది. "బెల్లమా! అది విషమని నువ్వే కదే గిన్నె విసిరేశావు! చస్తే ఇవ్వను."

"అమ్మా! విషమని నేనెప్పుడన్నాను! తలుపులు మూసి ఉంటే వద్దన్నాను. ఇప్పుడు తెరిచి ఉన్నాయి, లోపలికి వెళ్ళడానికి ఏమీ లేదు! తాళంచెవి ఇటియ్యమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను!"

తల్లి ఇంకా ఆలోచిస్తూనే ఉంది. వకుళ ఆవిడ కొంగు ముడిలోంచి తాళంచెవి లాక్కుని, కొట్టు తెరిచి, బెల్లం దంచి నీళ్ళలో కలిపి, తమ్ముడు మింగుతున్నాడో లేదో చూసుకుంటూ కొంచెం కొంచెంగా పోసింది. నెమ్మదిగా వణుకు తగ్గింది. జయకేతు తల్లి వంక చూసి, "అమ్మా, ఎందుకేడుస్తున్నావు?" అన్నాడు. మందారవతీదేవి అప్పుడు కూతురి చెయ్యి పట్టుకుని, "నాకు సరిగ్గా నేర్పవే. పెట్టడం తప్ప నాకేమీ తెలియదు," అంది. ఆ మాటతో వకుళ కోపం సగం చల్లారింది. మిగతా సగం ఉంచుకుంది, ముందు ముందు అవసరపడుతుందని.

ఆ పైన తల్లి నేర్చుకుంది, జయకేతు నేర్చుకున్నాడు. తిండికి తగ్గ చుక్క, చుక్కకు తగ్గ తిండి. గుర్రమెక్కిన రోజు ఒక లెక్క, పడుకున్న రోజు ఒక లెక్క. ముల్లు తనే గుచ్చుకునేవాడు. వెదురు గొట్టం నిండుకున్నప్పుడల్లా నీలిలోయకు తనే వెళ్ళి, భూదారుడి చేత నాలుగు తిట్లు తిని, రసం తెచ్చుకునేవాడు. పొలాల అంచు తోటలు పందులవయ్యాయి. బెల్లం మర్యాద మాత్రం పోలేదు, పెట్టే ముందు "పెట్టమంటారా?" అని అడగాలని కొత్త కట్టుబాటు పెట్టారు. వద్దంటే ఎవరూ నొచ్చుకోకూడదు. ఆ ఒక్క మాట అలవాటు చేయడానికి రాజ్యమంతా తలకిందులైంది.

పట్టాభిషేకం రోజు వచ్చింది. కొలువు నిండిపోయింది. సింహాసనం వైపు నడుస్తున్న తమ్ముడి వెంటే వకుళ కూడా నడుస్తోంది.

"చుక్క వేసుకున్నావా?" అంది చెవిలో.

"వేసుకున్నా."

"తర్వాత తిన్నావా? ఏం తిన్నావు? చేతులు వణకడం లేదు కదా? ఏదీ, చూపించు. దాహంగా ఉందా?"

జయకేతు సింహాసనం మెట్టు మీద ఆగి గిరుక్కున వెనక్కి తిరిగాడు. ముఖం ఎర్రబడింది. "అక్కా! నీకో దండం! పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇదే పాట! నా ఒంటి సంగతి నాకు తెలుసు. నన్ను కాస్త వదిలెయ్, నీ పుణ్యం ఉంటుంది!"

ఆ గొంతు కొలువంతా మోగింది. సన్నాయి ఆగిపోయింది. తమ్ముడి కోసం అన్ని అగచాట్లు పడిన పిల్లను అందరి ముందు అంత మాట అంటాడా అని మందారవతీదేవి కోపంగా లేచింది. వకుళ స్తంభం చాటుకు తిరిగి కొంగుతో ముఖం కప్పుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

జయకేతు కంగారుగా మెట్లు దిగి వచ్చి కొంగు లాగి చూశాడు. ఆమె ఏడుస్తూ నవ్వుతోంది. నోట్లో బెల్లం కుక్కుతుంటే వద్దనడానికి కూడా ఓపిక లేక పడి ఉన్న పిల్లవాడు! కోపం రావాలన్నా ఒంట్లో పొయ్యి వెలగాలి. వాడికి కోపం వచ్చింది. కొలువంతా అదిరేలా వచ్చింది.

"ఏమైందక్కా? ఎందుకు నవ్వుతున్నావు?" అన్నాడు జయకేతు.

"ఏం లేదురా," అంది వకుళ కళ్ళు తుడుచుకుంటూ. "ఇందాక అన్నావే, అది మళ్ళీ అను. ఇంకాస్త గట్టిగా తిట్టు."